శుక్రవారం తిరిగిచ్చే తాడు

చంద్రపూర్‌లో మా దవాఖానకు వచ్చే రొమ్ము కేన్సర్ ఆడవాళ్ళకు రేడియేషన్ మొదలయ్యే ముందు కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడటం నా ఉద్యోగంలో ఒక భాగం. నర్సుగా మిగతా పనులు బోలెడున్నాయి గానీ జనం నన్ను గుర్తుపెట్టుకున్నది ఈ పది నిమిషాల వల్లే. బజారులో కూరగాయలు బేరమాడుతుంటే ఎవరో ఒకావిడ దగ్గరికొచ్చి, "సబ్బు పెట్టొద్దన్న సిస్టరమ్మవు గదా?" అంటుంది. అవును, నేనే. సబ్బు వద్దు, పౌడరు వద్దు, గోకొద్దు, కాపడం పెట్టొద్దు, చంకలో బ్లేడు పెట్టొద్దు, ఆ పక్క ఎండ తగలనివ్వొద్దు. వద్దు వద్దు అనుకుంటూనే నా ఉద్యోగమంతా గడిచిపోతోందని మా అమ్మ నవ్వేది.

మా నాన్న తెలంగాణ నుంచి పద్మాపూర్ బొగ్గు గనిలో పనికి వచ్చాడు. నేను పుట్టిందీ చదివిందీ ఇక్కడే, మరాఠీ బడిలో. ఇంట్లో మాట మాత్రం తెలుగు. అందుకని కోర్పనా, రాజురా వైపు తెలుగు రైతుల ఇళ్ళ నుంచి ఎవరైనా వస్తే, ఈమె మీ మనిషి అంటూ నా దగ్గరికి పంపుతారు. మొదట్లో వాళ్ళ కోసం తెలుగులో ఒక కాగితం రాయాలని సరదా పుట్టింది. ఆ వయసులో అక్షరాలు దిద్దుకుని, వత్తులూ దీర్ఘాలూ ఒకరికి చూపించి సరిచేయించుకుని, నా చేత్తో రాసి జిరాక్స్ తీయించి పంచాను. ఒక్కరంటే ఒక్కరు చదవలేకపోయారు. వాళ్ళూ నాలాగే మరాఠీ బడికి పోయినవాళ్ళు, లేకపోతే ఏ బడికీ పోనివాళ్ళు. ఒకామె నా ఎదుటే ఆ కాగితంలో పల్లీలు పొట్లం కట్టుకుంది. అప్పటినుంచి నోటితోనే చెబుతున్నాను.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఏళ్ళ తరబడి చెప్పీ చెప్పీ నాకు అందరూ లోకువైపోయారని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదు.

ఆమె వచ్చింది ఎండలు ముదురుతున్న రోజుల్లో. కోర్పనా దాటాక సరిహద్దు పల్లె వాళ్ళది. పత్తి చేను కొద్దిగా ఉంది. కుడి రొమ్ము ఆపరేషన్ చేసి తీసేశారు, కీమో సూది మందు కోర్సులూ అయిపోయాయి, ఇక ఇరవై అయిదు సార్లు రేడియేషన్ మిగిలింది. మా తెలుగు వాళ్ళు దాన్ని కరెంటు అంటారు. ఆమెతో ఆమె భర్త వచ్చాడు. సున్నపురాయి క్వారీలో చాలా ఏళ్ళు పని చేసిన మనిషి, పొడుగ్గా సన్నగా ఉన్నాడు, మాట మధ్యలో దగ్గు వస్తే మాట ఆపి, దగ్గి, మళ్ళీ అక్కడినుంచే మొదలుపెట్టేవాడు. నేను తెలుగులో పలకరించగానే ఇద్దరి మొహాలూ విప్పారాయి.

"మనోళ్ళేనా చెల్లె నువ్వు?" అంది ఆమె. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. నేను అక్కా అన్నాను. అంతే, ఆ నిమిషం నుంచి ఆయన నాకు బావ అయిపోయాడు. ఆయన గురించి ఏం చెప్పినా "మీ బావ" అనే చెప్పేది.

ఎప్పటిలాగే నా పాఠం మొదలుపెట్టాను. మొదటి రెండు వారాలు ఏమీ కాదు, ఊరికే భయపెట్టిన్రు అనుకుంటవు. మూడో వారానికి తోలు ఎర్రబడి, నల్లగ కమిలిపోతది, దురద పెడతది. కొందరికి మడతలున్న కాడ పొర లేసి తడి తడిగ అయితది. భయపడకు, దాచిపెట్టకు, వెంటనే నాకు చూపించు. పాత మెత్తటి కాటన్ రవికె వదులుగ వేసుకో. గోరువెచ్చని నీళ్ళు పోసుకుని మెల్లగ అద్దు, రుద్దకు. గురి కోసం మెషినోళ్ళు ఒంటి మీద గీసిన గీతలు చెరిపెయ్యకు. డాక్టర్ రాసిచ్చిన మందు తప్ప కొబ్బరి నూనె, పసుపు, ఆకు పసరు, ఏదీ ఒంటికి పెట్టకు.

బావ శ్రద్ధగా విన్నాడు. "దీనికి జెర గట్టిగ చెప్పు చెల్లె, నా మాట ఇనది," అన్నాడు. ఆమె మోచేత్తో పొడిచింది.

మెషిన్ గదిలోకి వెళ్ళేముందు మెడలో ఏమీ ఉండకూడదు. ఆమె మెడలో పసుపు తాడుకు కట్టిన పుస్తెలున్నాయి. తీయాలని చెబితే బావ వైపు చూసింది. తర్వాత వెనక ముళ్ళు విప్పి, తాడు తీసుకెళ్ళి ఆయన చేతిలోనే పెట్టింది. ఆమె బయటికి వచ్చేదాకా ఆయన పిడికిలి బిగించుకుని కూర్చున్నాడు, దగ్గు వచ్చినా ఆ చేయి అడ్డం పెట్టుకోలేదు. వచ్చాక ఆమె మళ్ళీ కట్టుకుంది. రోజూ జరిగేదే అది. మెడలో తాడు తీసి ఎవరి చేతిలోనో పెట్టడం, మళ్ళీ కట్టుకోవడం. నేను దాన్ని చూస్తూనే ఉన్నాను, నా పాఠంలో మాత్రం దాని ఊసు లేదు.

రెండో వారం నుంచి ఆయన రావడం మానేశాడు. దగ్గు ఎక్కువై ఇంటి దగ్గరే ఉన్నాడు. ఆమె సోమవారం సర్కారు ఎస్టీ బస్సులో వచ్చి, శుక్రవారం దాకా ధర్మశాలలో ఉండి, కరెంటు అయ్యాక ఊరికి పోయేది. మెషిన్ గదిలోకి పోయే ముందు తాడు నాకు ఇచ్చేది. "మీ బావ లేడు గదా, నువ్వు పట్టుకో," అనేది.

మూడో వారం చివర్లో ఆమె కొంగు తీరు మారింది. అంత ఎండలో, కూలరు గాలి కూడా వేడిగా కొడుతుంటే, మెడ చుట్టూ కొంగు కప్పుకుని కూర్చుంటోంది. నాకు అనుమానం వచ్చి పక్క గదిలోకి తీసుకెళ్ళి కొంగు లాగి చూశాను. కుడి వైపు మెడ కింద, ఎముక పైన, సరిగ్గా తాడు ఒరుసుకునే దారిలో చర్మం లేచిపోయి ఉంది. రూపాయి బిళ్ళంత మేర తడిగా, ఎర్రగా. దాని చుట్టూ పసుపు రవ్వలు అంటుకుని ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పసుపు పెట్టొద్దని చెప్పిన్నా లేదా?" అని అరిచాను.

"ఒంటికి పెట్టలె చెల్లె. తాడుకు పెట్టిన. శుక్రారం శుక్రారం పెట్టేదే గదా."

ఆమె మొహంలో అబద్ధం లేదు. నేను చెప్పినవన్నీ పాటించింది. సబ్బు ముట్టుకోలేదు, గీతలు చెరపలేదు. తాడుకు పసుపు రాయడం మాత్రం ఒంటికి పెట్టుకోవడం కిందికి వస్తుందని ఆమెకు తోచనే లేదు. నేను చెప్పనూ లేదు. మా అమ్మ కూడా ప్రతి శుక్రవారం తాడుకు పసుపు రాసుకునేది, నేను చిన్నప్పటినుంచి చూశాను. అయినా చెప్పాలని నాకు తట్టలేదు.

డాక్టర్ చూసి పూత మందు రాశాడు. పుండు ఇంకా తెరుచుకుంటే కొన్ని రోజులు మెషిన్ ఆపాల్సి వస్తుందన్నాడు. మధ్యలో ఆపడం మంచిది కాదని ఆమెకు నేను వేరే చెప్పనవసరం లేదు, ఆ సంగతి మొదటి రోజే చెప్పాను. పుండు మానేదాకా తాడు తీసేయమన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"తాడు కావాల్నా, పాణం కావాల్నా?" అన్నాను.

"రెండు ఒకటే గాదా?" అంది ఆమె. ఎదురు చెప్పడానికి అనలేదు. నిజంగానే అడిగింది. "మీ బావకు దగ్గు ఆగుతలేదు చెల్లె. గీ టైంల తాడు తీసి మూలకు పెడితె నా మనసు ఎట్లుంటది? మా అత్త చూస్తె ఏమంటది?"

కోపం పనికిరాదని అప్పటికి తెలిసింది. గొంతు తగ్గించాను. "మొదటి దినం తాడు బావ చేతుల పెట్టినవు గదా. అది తీసినట్టా? కాదు, ఇచ్చినట్టు. గట్లనే నాకు ఇయ్యి. సోమారం ఇయ్యి, శుక్రారం తీసుకుని కట్టుకుని ఊరికి పో. అత్తకు ఏం తెలుస్తది?" అన్నాను.

ఆ మాట నాకు ఎలా తోచిందో గానీ, తోచినందుకు లోలోపల మురిసిపోయాను. ఆమె ముళ్ళు విప్పి, తాడు కళ్ళకద్దుకుని నా అరచేతిలో పెట్టింది. నా లాకర్‌లో టిఫిన్ పక్కన ఒక చిన్న స్టీలు డబ్బా ఉండేది. అందులో మెత్తటి గుడ్డ వేసి తాడు పెట్టాను.

శుక్రవారం మధ్యాహ్నం తాడు తీసుకునేది. పాత పంచె గుడ్డ మడిచి కింద వేసుకుని, వదులుగా తనే కట్టుకునేది. సోమవారం పొద్దున్నే రాగానే, నాకు నమస్కారం కూడా పెట్టకముందే, విప్పి ఇచ్చేది. మొదటి సోమవారం వచ్చినప్పుడు నవ్వుతూ చెప్పింది.

"మీ బావకు చెప్పిన చెల్లె. దాచబుద్ధి కాలె."

"ఏమన్నడు?"

"పోయేటోన్నయితే క్వారీలనే పోతుంటి, తాడు తీస్తె పోతనా అన్నడు. నవ్వితె మళ్ళ దగ్గొచ్చింది."

మెడ మీద తడి ఆరింది. అంచులనుంచి కొత్త చర్మం కమ్ముకొచ్చింది. నేను తోటి నర్సులకు గొప్పగా చెప్పుకున్నాను, ఆడవాళ్ళకు ఎలా చెబితే వింటారో నన్ను చూసి నేర్చుకోండి అన్నాను. ఒక మనిషి మనసు మార్చగలిగానని నాకు నిజంగానే గర్వంగా ఉండింది.

ఇరవయ్యో సారి కరెంటు బుధవారం పడింది. పదకొండు దాటింది. హాలు నిండా జనం. ఆమె నంబరు ఇంకో ఇద్దరి తర్వాత ఉంది. నేను ఎవరికో కట్టు మారుస్తుంటే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో ఫోను ఉంది.

"చెల్లె, నా తాడియ్యి," అంది.

"ఇయ్యాల బుధారమే గదా అక్కా."

"ఇంటికాడికెల్లి ఫోనొచ్చింది. మీ బావకు బాగలేదంట, తొందరగ రమ్మన్నరు. ఒట్టి బాగలేకపోతె ఫోన్ల ఎనుకకెల్లి అంతమంది ఎందుకు ఏడుస్తరు చెల్లె?"

నా చేతిలో దూది అలాగే ఉండిపోయింది. ఆమె ఏడవలేదు. తాడు కోసమే చూస్తోంది. అప్పుడు అర్థమైంది నాకు. భర్త పోయాడని ఆమెకు తెలుసు. మెడలో తాడు లేకుండా ఆ ఇంటి గడప తొక్కడం ఆమె వల్ల కాదు. పదో రోజు నలుగురు ఆడవాళ్ళు కూర్చోబెట్టి తీయవలసిన తాడు నా లాకర్‌లో టిఫిన్ పక్కన ఉంది. ముందే తీయించింది నేను.

తర్వాత నేను అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. "నీ నంబరు ముందుకు జరిపిస్త. అయిదు నిమిషాలు. కరెంటు తీసుకునే పో," అన్నాను. పోతే మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియదు, ఒక్క రోజైనా మిగిలిపోకూడదు అనుకున్నాను. నర్సుగా అది తప్పు మాట కాదు. అయినా ఆ అయిదు నిమిషాలు ఆమె ఆ చల్లటి గదిలో, చేయి తల మీదికి ఎత్తి, కదలకుండా, ఒక్కతే పడుకుని ఉంది. కదలకూడదని నేర్పింది కూడా నేనే. టెక్నీషియన్ తర్వాత చెప్పాడు, కొంచెం కూడా కదల్లేదని.

బట్టలు మార్చుకునే గదిలో తెర లాగి స్టీలు డబ్బా తీశాను. ఎప్పుడూ తనే కట్టుకునేది. ఆ రోజు ఎంతకీ ముడి పడటం లేదు. నేను తీసుకున్నాను. తాడు కింద మందు గుడ్డ పెట్టబోతే చేత్తో తీసేసింది.

"పట్టి కనబడుతది. తీసెయ్."

"ఒరుసుకుంటది అక్కా. మళ్ళ లేస్తది."

"లేవనీ."

ఏళ్ళ తరబడి గోకొద్దు, రుద్దొద్దు అని అందరికీ చెప్పినదాన్ని, అప్పుడప్పుడే మానుతున్న చర్మం మీద నా చేతులతోనే తాడు కట్టాను. రెండు ముళ్ళు వేసి ఆగిపోయాను. మూడు ముళ్ళు వేసిన మనిషి గుర్తొచ్చాడు, బిగించిన పిడికిలి గుర్తొచ్చింది.

"మూడోది గుడ ఎయ్యి చెల్లె. తొవ్వల ఊడిపోతది," అంది.

వేశాను. బయట ఆటో మాట్లాడి బస్టాండుకు తీసుకెళ్ళి కోర్పనా బస్సు ఎక్కించాను. కిటికీ పక్కన సీటు దొరికింది, ఎండ కుడివైపు కొడుతోంది. కొంగు మెడ మీదికి లాక్కోమని సైగ చేశాను. ఆమె నన్ను చూసింది గానీ లాక్కోలేదు.

ఇంకా అయిదు సార్లు మిగిలాయి. డాక్టర్ రోజూ అడిగేవాడు, ఆమె వచ్చిందా అని. ఫోను చేస్తే ఆమె అత్త ఎత్తేది. దినాలు కాలేదనేది, లేకపోతే ఏమీ మాట్లాడకుండా పెట్టేసేది. భర్త పోయిన ఆడది నెల తిరక్కుండా గడప దాటకూడదని వాళ్ళ వైపు పట్టింపు. నేను లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. పదో రోజు ఏం జరుగుతుందో నాకు తెలుసు. మెడకూ మొహానికీ పసుపు పూసి, పూలు పెట్టి, చివరిసారి అన్నీ చేసి, తర్వాత అన్నీ తీసేస్తారు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. మా అమ్మకు కూడా అలాగే చేశారు. అప్పుడు అమ్మ మెడ మీద గాయం లేదు.

పదమూడో రోజు పొద్దున్నే హాల్లో ఒక ముసలామె నిలబడి, "తెలుగు సిస్టరమ్మ ఎవలు?" అని అందరినీ అడుగుతోంది. ఆమె వెనక మా అక్క. నొసలు బోసిగా, చేతులు బోసిగా. మెడ నిండా కొంగు.

నేను దగ్గరికి వెళ్ళాను. తిట్టించుకోవడానికి సిద్ధపడే వెళ్ళాను. ఆ అత్త నన్ను పైనుంచి కిందికి చూసింది.

"దీని మెడ జూడు. తాడు తీస్తుంటె తోలు గుడ ఎంబడొచ్చింది," అంది. "గోరుచుట్టు మీద రోకటిపోటు లెక్క అయింది దీని బతుకు."

"గడప దాటొద్దన్నరు గదా అమ్మా," అన్నాను, ఏమనాలో తెలియక.

"అన్నరు. అందరు అన్నరు. నా కొడుకు పోయిండు. గిది గుడ పోతె నన్ను ఎవలు జూస్తరు? నేనే పట్టుకొచ్చిన." అని గొంతు తగ్గించింది. "అయిదు దినాలు మెడకు లేని తాడు నాకు ఎర్క పట్టదా? చెమట వాసన లేదు, పసుపు రంగు లేదు. శనారం శనారం చూస్తనే ఉన్న. నేను గుడ ఆడిదాన్నే బిడ్డా. నోరు మూసుకున్న."

నేను ఆ ముసలామె చేయి పట్టుకుని హాల్లో అందరి ముందూ ఏడ్చాను. ఏడవడం మా ఉద్యోగంలో మంచిది కాదంటారు. ఆ రోజు నాకు అది గుర్తు రాలేదు.

గాయం కడిగి, కట్టు కట్టి, డాక్టర్ నాలుగు రోజులు ఆగి, మిగిలిన అయిదూ పూర్తి చేశాడు. మధ్యలో వచ్చిన ఎడం వల్ల ఏం నష్టమో, ఎంత నష్టమో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. తాడు వల్ల ఆయన పోలేదని నాకు తెలుసు. క్వారీ దుమ్ము వల్ల పోయాడు. తెలిసినా, ఒక మాట నన్ను వదలదు. తీసినట్టు కాదు, ఇచ్చినట్టు అన్నాను కదా. ఇచ్చినది నేను తిరిగిచ్చింది అలాంటి రోజున.

ఇప్పుడు కూడా ఆ పది నిమిషాలు మాట్లాడుతూనే ఉన్నాను. సబ్బు, పౌడరు, ఎండ, అన్నీ ఉన్నాయి. తాడుకు పసుపు వద్దని కూడా చెబుతాను. తాడు తీయమనే ముందు మాత్రం ఇంట్లో ఆయన ఎలా ఉన్నాడని అడుగుతాను. కొందరు, గిదెందుకు అడుగుతున్నవు అంటారు. ఊరికే అంటాను.

రెండు నెలలకు ఆమె చూపించుకోవడానికి వచ్చింది. ఈసారి ఒక్కతే వచ్చింది, వానలు మొదలయ్యాయి, చెప్పుల నిండా నల్లరేగడి బురద. పత్తి గింజలు పెట్టామని చెప్పింది. కొంగు తీసి మెడ చూపించింది. నల్లదనం పోయి కొత్త చర్మం వచ్చింది, చుట్టుపక్కల కంటే కాస్త తెల్లగా, నున్నగా. నేను వేళ్ళతో తాకి చూశాను. ఎక్కడా గరుకు లేదు, నొప్పి లేదంది.

ఆమె కూడా మెడ మీద చేయి వేసుకుంది. తాడు ఉండే దారి వెంట, చెవి కింద నుంచి ఎముక దాకా, మెల్లగా తడుముకుంది.

"మంచిగైంది చెల్లె," అంది. "గిప్పుడు కట్టుకుంటె తాడు ఒరుసుకోదు."

నేను తల వంచుకుని ఆమె కాగితం మీద, చర్మం పూర్తిగా మానింది అని మరాఠీలో రాశాను.